వంత పలికేవాళ్లేరీ?

పన్నెండు నిమిషాలట! పల్నాటి యుద్ధం పన్నెండు నిమిషాల్లో చెప్పి దిగిపోవాలట. ఈమధ్య ఒక సాంస్కృతిక ఉత్సవం తరఫున ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. మర్యాద తెలిసిన పిల్లాడే, తాతగారూ తాతగారూ అంటూ మాట్లాడాడు. ముందు గిటారు మొదలవుతుందట, దాని మీద నేను కథ ఎత్తుకోవాలట, నడుమ ఒక కుర్రాడు ర్యాప్ చెబుతాడట, వెనక తెర మీద కోడిపుంజుల బొమ్మలు కదులుతాయట. సరే బాబూ, వంతలెవరు అని అడిగాను. "వంతలు అక్కర్లేదు తాతగారూ. తందాన తాన ముందే రికార్డు చేసి పెట్టాం. మీరు ఆపగానే ట్రాక్ వస్తుంది" అన్నాడు.

గిటారుకు నేను అడ్డం చెప్పలేదు. ర్యాప్‌కూ చెప్పలేదు. తెర మీద బొమ్మలంటే సంతోషించాను కూడా. ముందే రికార్డు చేసిన తందాన తానకు మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఆ మాటే చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక కూడా కోపం చల్లారలేదు. అదే ఇలా కాగితం మీదికొచ్చింది.

ఈ తరానికి తెలియకపోవచ్చు గనుక చెబుతాను. బుర్రకథకు ముగ్గురు మనుషులు కావాలి. నడుమ కథకుడు. భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, తలపాగా, పొడుగాటి రంగు అంగీ, నడుముకు కట్టు. అటొకరు ఇటొకరు వంతలు, చేతుల్లో డక్కీలు. ఒక వంతది హాస్యం, ఒక వంతది రాజకీయం. కథకుడు పాట వదిలితే అందుకోవాలి. వచనం చెబుతుంటే ఊ కొట్టాలి, అడ్డం పడాలి, అనుమానం అడగాలి, తెలియనట్టు నటించాలి, తెలిసినవాడి గుట్టు రట్టు చేయాలి. కథ ఎక్కడో 12వ శతాబ్దంలో కారెంపూడి రణరంగంలో నడుస్తుంటే దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ ఊరి రచ్చబండ మీద కూర్చోబెట్టాలి. నేను అరవైల చివరి నుంచి ఎనభైల నడిమి దాకా హాస్యపు వంతగా డక్కీ పట్టినవాణ్ణి. గుంటూరు జిల్లాలో కాలవ కింద ఊళ్లూ తిరిగాం, పల్నాడు మెట్ట ఊళ్లూ తిరిగాం.

మా రోజుల్లో కథ రాత్రి తొమ్మిదింటికైతే మేం మధ్యాహ్నానికే ఊళ్లో దిగేవాళ్లం. భోజనం చేసి నడుం వాల్చడానికి కాదు. మా రాజకీయ వంత టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు, నేను చెరువుగట్టుకో చాకిరేవుకో వెళ్లేవాణ్ణి. కాలవకు నీళ్లు వదిలారా, సొసైటీకి ఎరువులొచ్చాయా, మంచినీళ్ల బావి దగ్గర ఎవరిని తోడుకోనివ్వడం లేదు, పెళ్లి కుదిరి తప్పిపోయిన ఇల్లేది, ఎవరి ఇంట్లో ఈమధ్యే చావు జరిగింది, ఇవన్నీ మాకు తెలియాలి. చావు జరిగిన ఇంటి పేరు తెలుసుకునేది ఆ పేరు నోటి వెంట రాకుండా చూసుకోవడానికి. సాయంత్రానికి ముగ్గురం కలిసి ఏది అనొచ్చు, ఏది అనకూడదు, ఎవరిని అంటే ఊరు నవ్వుతుంది, ఎవరిని అంటే గొడవవుతుంది అని మాట్లాడుకునేవాళ్లం. ఎలా అనాలన్నది మాత్రం అనుకునేవాళ్లం కాదు. అది వేదిక మీదే పుట్టాలి.

ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. కాలవ చివరి ఊరు. పై ఊళ్ల పెద్ద రైతులు రాత్రిపూట లాకులెత్తించి నీళ్లు మళ్లించుకునేవాళ్లు, ఈ చివరికి చుక్క దిగేది కాదు. కథ కోడిపందెం దాకా వచ్చింది. నాయకురాలు నాగమ్మ పుంజు గెలిచింది, బ్రహ్మనాయుడి పక్షం ఓడింది, మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊరొదిలి వెళ్లాలి. అక్కడ రాజకీయ వంత డక్కీ ఆపి అడిగాడు: "పందెం ఓడినవాళ్లు ఊరొదిలిపోయారంటే అర్థముందన్నా. మరి పందెమే కాయని ఈ ఊరివాళ్లు మూటలు కట్టుకుని గుంటూరు పోతున్నారే, వీళ్లేం ఓడిపోయారన్నా?" జనం కిక్కురుమనలేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ లేచి నిలబడకుండానే, గట్టిగా, "నీళ్లు ఓడిపోయాం నాయనా" అంది.

మా కథకుడు ఆ మాటను కిందపడనివ్వలేదు. అదే ముక్కను పల్లవి చేసి, నాగమ్మ పందెం నడుస్తున్న వరసలోనే రెండు చరణాలు అప్పటికప్పుడు కట్టాడు. మొదటి చరణంలో మాచర్ల ఖాళీ అవుతోంది, రెండో చరణంలో ఈ ఊరు ఖాళీ అవుతోంది. ముసలమ్మ మాట వచ్చినప్పుడల్లా మేమిద్దరం వంత పలికాం, మూడోసారికి ఊరంతా పలికింది. ఆ పాట ఎవరిది? రాసిన కవిది కాదు, మా కథకుడిదీ కాదు, మాదీ కాదు. తర్వాత చివరి పొలాల ఊళ్లకు ఎప్పుడు వెళ్లినా ఆ చరణాలు వాడుకున్నాం, ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు దానికి ఇంకో ముక్క తగిలించారు. ఇప్పుడు దీన్నే ఇంప్రొవైజేషన్ అంటున్నారు, కొలాబరేషన్ అంటున్నారు, దానికి వర్క్‌షాపులు పెడుతున్నారు. పెట్టనివ్వండి. ఆ ముసలమ్మ లాంటి మనిషిని వర్క్‌షాపు గదిలోకి ఎవరైనా పిలుస్తున్నారా?

అప్పటికప్పుడు కట్టడమంటే నోటికొచ్చింది పాడటమని కొందరి అభిప్రాయం. కాదు. దానికి లెక్క ఉంది. కథకుడు రాసిన పాఠం వదిలి పక్కకు వెళుతున్నాడంటే అందెల చప్పుడు కాస్త పలచబడుతుంది, మడమ ఒత్తి నిలబడతాడు. అది చూడగానే వంతలిద్దరూ దరువు మార్చకుండా, గొంతు తగ్గించి, అదే నడక పట్టుకుని ఉండాలి. ఆయన మాట దొరక్క తడుముకుంటుంటే హాస్యపు వంత ఒక చెణుకు వేసి ఊపిరి తీసుకునే టైమివ్వాలి. మాట దొరికిందని కళ్లతో చెబుతాడు. తిరిగి కథలోకి వచ్చేటప్పుడు పాదం ఎత్తి వేస్తాడు, ముగ్గురం కలిసి ముక్తాయింపు కొట్టి పాత పాటలో పడాలి. ఒకరు ముందు పడితే రసాభాసే. చలికాలం అర్ధరాత్రి దాటాక మంచుకు డక్కీ చర్మం మెత్తబడి గొంతు పోయేది. గడ్డి మంట వేసి సెగ చూపించుకునేవాళ్లం. అంతసేపూ రెండో వంత ఒక్కడే దరువు మోసేవాడు, ఊరికి తేడా తెలిసేది కాదు. ఇవన్నీ ఎవరూ రాసివ్వలేదు. పెద్దవాళ్ల పక్కన నిలబడి, తప్పు కొడితే కంటిచూపు దెబ్బ తిని నేర్చుకున్నవి.

ఇది విని "అవునండీ, పాతదాన్ని పాతగానే ఉంచాలి, కలగాపులగం చేయకూడదు" అని తలాడించే పండితులు కొందరుంటారు. వాళ్లతోనూ నాకు తగువే. బుర్రకథను ఇప్పుడు మనమెరిగిన రూపానికి తెచ్చిన షేక్ నాజర్ గారు ఏం చేశారో వాళ్లు ఒకసారి చూడాలి. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. దూదేకుల కుటుంబం, కటిక పేదరికం. ఆయన ఆత్మకథ పేరే "పింజారి". శాస్త్రీయ సంగీతం నేర్చారు, హార్మోనియం పట్టారు, నాటకాల్లో వేషాలు వేశారు, పొట్టకూటికి బట్టలు కుట్టారు. జంగం కథగా, తందాన కథగా ఊరూరా బతుకుతున్న పాత పద్ధతిలోకి తనకు తెలిసిందంతా పట్టుకొచ్చారు. రాగం తెచ్చారు, రంగస్థలం మీది అభినయం తెచ్చారు, పత్రికలో వచ్చిన వార్త తెచ్చారు. 1943లో ప్రజానాట్యమండలి వచ్చింది. ఆ ఏడే బెంగాల్లో కరువుకు జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ కరువు కథను తెలుగు పల్లెల్లో చెప్పి కన్నీళ్లు పెట్టించిన గొంతుల్లో నాజర్ గారిది ఒకటి. కలకత్తా ఎటువైపుందో తెలియని రైతులు కథ విని గింజలిచ్చారు, డబ్బులిచ్చారు. పాతదాన్ని పాతగానే ఉంచాలని ఆయన అనుకుని ఉంటే బెంగాలు గోడు మన పల్లెకు ఎలా వచ్చేది?

నేను చిన్నప్పుడు ఆయన కథ విన్నాను. పల్నాటి కథలో బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే ఘట్టం. భార్య మాంచాల ముందు నిలబడ్డప్పుడు ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో, గడప దాటాక అంత గరుకుగా మారింది. ఒక్క మనిషి మూడు అడుగులు వెనక్కి, మూడు అడుగులు ముందుకు వేసేసరికి మాకు ఇల్లూ వాకిలీ రణరంగమూ కనబడ్డాయి. నా పక్కన కూర్చున్న మా మేనమామ, ఎప్పుడూ పెదవి విప్పని మనిషి, భళా అని అరిచాడు. నాజర్ గారు ఆ భళా వినిపించిన వైపు తిరిగి, తర్వాతి చరణం ఆయనకే చెప్పారు. 1986లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది, 1997లో పోయారు. మా మామ మాత్రం బతికున్నన్నాళ్లూ ఆ చరణం తనకే చెప్పారని అందరికీ చెప్పుకున్నాడు. పద్మశ్రీ కంటే అది తక్కువదని నేననుకోను.

ఆ రోజుల్లో బుర్రకథ దళాల వెనక ఎంతమంది చేతులుండేవో కూడా చెప్పాలి. సుంకర సత్యనారాయణ గారు "కష్టజీవి" రాశారు. అల్లూరి సీతారామరాజు కథ ఊరూరా మోగింది. మోటూరి ఉదయం గారి లాంటి ఆడవాళ్లు దళం కట్టి, గజ్జె కట్టి, వేలమంది ముందు కథ చెప్పారు. ఆడది వీధిలో గొంతెత్తితే ఇంటి పరువు పోయిందనుకునే రోజులవి. మద్రాసు ప్రభుత్వం ఈ కథలకు భయపడి నిషేధం పెట్టింది. తంబురా, రెండు డక్కీలూ చూసి ప్రభుత్వం భయపడిందంటే, కథకుడి వెనక ఊరంతా వంత పలుకుతోందని దానికి తెలిసే కదా! ఇవాళ మనం పెట్టే కార్యక్రమాలకు ఏ ప్రభుత్వమూ భయపడదు. నిధులు కూడా ఇస్తుంది.

పల్నాడు అన్నాను గనుక ఇంకో మాట. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ గారు పల్నాడు వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట వీరుల కథ విని, దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో పుస్తకం వేశారు. అచ్చులో అది ఎంత పెద్ద పుస్తకమైందో చూడండి. ఆ కథ పన్నెండు నిమిషాల్లో ఇమడదని సముద్రాల అవతలి మనిషికి అర్థమైంది. కారెంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. బ్రహ్మనాయుడి చాపకూడు తలచుకుంటూ అన్ని కులాలూ ఒకచోట భోంచేస్తాయి. ఆ చాప మీద కూర్చున్నవాళ్లే ఆ కథ వినేవాళ్లు. కూడూ కథా విడివిడిగా పుట్టలేదు.

బొమ్మల విషయానికొస్తాను. తెర మీద యానిమేషన్ అన్నందుకు నేను సంతోషించానన్నాను కదా, ఎందుకంటే పాటకూ బొమ్మకూ మన దగ్గర పాత చుట్టరికం ఉంది. తెలంగాణలో చేర్యాల వెళ్లినప్పుడు నకాషీ చిత్రకారుల పని దగ్గరుండి చూశాను. గుడ్డకు చింతగింజల జిగురూ సుద్దమట్టీ గంజీ పట్టించి, ఎర్రటి నేల మీద కథంతా వరసగా గీస్తారు, పటం పదుల అడుగులు సాగుతుంది. ఆ పటం ఇంట్లో గోడకు వేలాడదీయడానికి పుట్టలేదు. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతూ విప్పే పటం అది. కాకిపడగల వాళ్లు ముదిరాజుల ముందు విప్పే పటం అది. ఏ ఘట్టం ఎంత కావాలో గాయకుడు చెబుతాడు, చిత్రకారుడు గీస్తాడు, విప్పిన దగ్గర ఊరివాళ్లు ఆపమంటే ఆగుతుంది, ముందుకు పోనిమ్మంటే పోతుంది. ముగ్గురి పని అది. ఇప్పుడు చేర్యాల బొమ్మ దేశదేశాలకు వెళుతోంది, చిత్రకారుల ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, అది మంచిదే. అయితే పటంతోపాటు వెళ్లాల్సిన గాయకుణ్ణి ఎవరూ అడగడం లేదు. బొమ్మ కింద చిన్న కాగితం అంటిస్తున్నారు, అందులో నాలుగు వాక్యాల్లో కథ.

అక్కడికి దగ్గర్లోనే కొమురవెల్లి మల్లన్న. మహాశివరాత్రి నాడు ఒగ్గు పూజారులు రంగురంగుల పొడులతో పెద్దపట్నం వేస్తారు. అంత శ్రమపడి, అంత అందంగా వేసినదాన్ని ఆ రాత్రే తొక్కేస్తారు. డోలు మోగుతుంటే, ఒళ్లు తెలియకుండా జనం దాని మీద నడుస్తుంటే, ఏది బొమ్మో, ఏది పాటో, ఏది పూజో విడదీయలేకపోయాను. విడదీయాలని అక్కడ ఎవరికీ లేదు కూడా. ఆ ఒగ్గువాళ్లు చెప్పే ఒగ్గుకథనే చుక్క సత్తయ్య గారు కొత్త వేదికల మీదికి తెచ్చారు. కథకుణ్ణే పాత్రధారిని చేశారు, ఆడవేషం కావాలంటే కొంగు కప్పుకుని అక్కడికక్కడే మారిపోయేవారు. ఆయన 2017లో కన్నుమూశారు. ఆయన చెప్పిన మల్లన్న కథ విన్న గొల్లకురుమ ముసలివాళ్లు కథ నడుమ తప్పు దొరికితే అక్కడే దిద్దేవాళ్లట. దిద్దేవాడుంటేనే కథకుడికి ఒళ్లు దగ్గర ఉంటుంది.

ఇప్పటి సంగతి. ఉత్సవం వాళ్ల ఫోన్‌కు ముందే ఒక పెద్ద హాల్లో జానపద ఫ్యూజన్ అంటే వెళ్లి కూర్చున్నాను. పాడిన అమ్మాయి గొంతు బంగారం. శ్రుతి వెంట్రుకవాసి తప్పలేదు. మా రోజుల్లో మాలో చాలామందికి అంత శ్రుతిజ్ఞానం లేదు. వేణువు, డోలక్, గిటారు, ఏదో పెట్టె మీద కూర్చుని వాయించే అబ్బాయి, అందరూ పనిమంతులే. అందరి చెవుల్లోనూ చిన్న బొత్తాల్లాంటివి ఉన్నాయి. పక్కనున్న కుర్రాణ్ణి అడిగితే వాటిలో టిక్కు టిక్కుమంటూ లెక్క వినిపిస్తుందని, దానికి తగ్గట్టే వాయిస్తారని, తెర మీది బొమ్మలు కూడా ఆ లెక్క మీదే నడుస్తాయని చెప్పాడు. పాట నాట్లు వేసే ఆడవాళ్ల పాట. ఒక చరణం అవగానే వెనక వరసల్లోంచి ఒకావిడ, ఆ పాట నాట్లలో పాడి ఎరిగినావిడే అయ్యుండాలి, తర్వాతి ముక్క అందుకుంది. ఆవిడ ముక్క వేరు, వేదిక మీది ముక్క వేరు. పాడుతున్న అమ్మాయి విన్నది, మొహం వెలిగింది, ఆగాలనుకుంది. ఆగలేదు. చెవిలో లెక్క పరిగెడుతోంది, తెర మీద బొమ్మలు పరిగెడుతున్నాయి. ఆ వెనకావిడ నాలుగు మాటలు పాడి, చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూస్తుంటే, సిగ్గుపడి ఊరుకుంది.

నాకు నిద్ర పట్టని రాత్రుల్లో ఇదే తిరుగుతుంటుంది. అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఆ అమ్మాయికి వినే చెవి ఉంది. ఆవిడ దగ్గర ఇవ్వడానికి పాట ఉంది. ఆ రెంటి నడుమ అడ్డంగా నిలబడింది ఆ టిక్కు టిక్కు ఒక్కటే. ఆవిడ పాడబోయిన ముక్క ఏ పుస్తకంలోనూ లేకపోవచ్చు. ఆ రాత్రి అది అందరికీ దొరకాల్సింది, దొరక్కుండా పోయింది.

ఈ తెగులు ఇప్పుడే పుట్టిందని కూడా చెప్పను. రేడియో వచ్చినప్పుడు రాత్రంతా సాగే కథను అరగంటకు కుదించడం నేర్చుకున్నాం. రేడియో చేసిన మేలు పెద్దది. ఇల్లు కదలని ఆడవాళ్ల వంటింట్లోకి బుర్రకథను తీసుకెళ్లింది. తర్వాత ప్రభుత్వ ప్రచారాలొచ్చాయి. కుటుంబ నియంత్రణ కథ, చిన్న మొత్తాల పొదుపు కథ, టీకాల కథ, మేమూ చెప్పాం. వాటివల్లే నెలకింత కళ్లచూశాం, అబద్ధమెందుకు. కానీ కథ టైపు చేసిన కాగితాల మీద వచ్చేది. ముందు కుర్చీలో ఒక అధికారి ఆ కాగితాల ఇంకో ప్రతి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి ఆపరేషన్ చేయించుకున్నాక ఆసుపత్రిలో ఎవరూ పట్టించుకోలేదని ఒకావిడ జనంలోంచి గట్టిగా చెబితే, రాజకీయ వంత దానికి బదులివ్వబోయాడు. కాగితంలో లేనిది మాట్లాడొద్దని అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. రికార్డు చేసిన ట్రాక్ రాకముందే వంత నోరు కట్టడం అలా మొదలైంది.

మా రోజులన్నీ మంచివని చెప్పడానికి నాకు నోరు రాదు. కథ చుట్టూ ఊరంతా కూర్చునేదన్నాను గానీ, ఎవరెక్కడ కూర్చోవాలో కులం చెప్పేది. మాలమాదిగ పల్లెల వాళ్లు దూరంగా, గాలి వాటం కానివైపు కూర్చుని వినేవాళ్లు. చాలా ఊళ్లలో డప్పు లేనిదే జాతర జరగదు, డప్పు కొట్టినవాణ్ణి మాత్రం అరుగు ఎక్కనివ్వరు. కళాకారుల బతుకులు చెప్పనక్కర్లేదు, ముసలితనంలో మందులకు లేక పోయినవాళ్లు నాకు తెలుసు. ఇవాళ ఆ హాల్లో ఎవరైనా ఎక్కడైనా కూర్చుంటున్నారు. ఆడపిల్లలు డప్పు కొడుతున్నారు, ఎవరూ ఆపడం లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట వైపు బుర్రవీణ పట్టిన దాసరి కొండప్ప గారికి, చిందు యక్షగానం ఆడిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో వచ్చింది. ఎంతో సంతోషించాను. అయినా అడుగుతాను. బుర్రవీణ ఒక రాత్రంతా వినే ఊరు ఎక్కడుంది? పతకం పెట్టాక ఆయన్ని వేదికెక్కించి ఎన్ని నిమిషాలిస్తున్నారు? మనిషిని గౌరవించి, ఆయన చేతిలోని పనికి తావు లేకుండా చేస్తే ఆ గౌరవం సగమే అవుతుంది.

కొత్తవాళ్ల మీద నాకు కోపం లేదని ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆ పెట్టె మీద కూర్చుని వాయించే వాద్యం ఉంది చూశారా, కహోన్ అంటారట, అది వాయించే కుర్రాడొకడు మా వీధిలోనే ఉన్నాడు. ఇంజనీరింగ్ చదివాడు. వారానికోసారి వస్తాడు, నేను డక్కీ తీస్తాను. మొదటిరోజే ఒక ప్రశ్న అడిగాడు: "తాతా, కథలో మీరు ఎప్పుడు ఆగుతారో నాకెలా తెలుస్తుంది?" ఈ ప్రశ్న అడిగినవాడు ఏ దేశపు వాద్యం పట్టుకొచ్చినా నాకు అభ్యంతరం లేదు. హార్మోనియం మనదేనా ఏంటి? కాలు చూడరా, చెవిలోది తీసి పక్కన పెట్టు, నా మడమ చూడు అని చెప్పాను. ఇప్పుడు చూస్తున్నాడు. నేను కావాలని పక్కకు వెళితే గొంతు తగ్గించి పట్టుకుని ఉంటున్నాడు. వాడి పెట్టెకు డక్కీ గుమకం రాదు, కానీ లోతుగా ఒక దెబ్బ వస్తుంది, యుద్ధ ఘట్టానికి అది మా డక్కీ కంటే బాగుంటుంది. ఇలాంటి పిల్లలు ఇంకో ఇద్దరు దొరికితే దళం కట్టేస్తాను.

వాడికి నేర్పలేనిది ఒకటుంది. మధ్యాహ్నమే ఊళ్లో దిగడం. వాడి కార్యక్రమాలకు కారులో వెళతారు, గంట ముందు సౌండ్ చూసుకుంటారు, పాడతారు, రాత్రికి రాత్రే వెనక్కి వచ్చేస్తారు. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు, తెల్లారితే ఉద్యోగాలున్నాయి. పిలిచేవాళ్లన్నా ఆలోచించాలి. కళాకారులను ఒక పూట ముందు రమ్మని, ఊళ్లో ఇద్దరు మనుషుల్ని పక్కనిచ్చి తిప్పితే ఏం పోతుంది? వేదికకు పెట్టే పూలదండల ఖర్చులో ఆ భోజనాలు అయిపోతాయి.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. కథ నడుస్తున్నంతసేపూ జనం మీద లైట్లు ఆర్పకండి. మా రోజుల్లో పెట్రోమాక్స్ లైటు మా మొహాల మీద ఎంత పడేదో ముందున్న వాళ్ల మీదా అంతే పడేది. హాలు కార్యక్రమాల్లో మొదట చేసే పని జనాన్ని చీకట్లో పెట్టడం. ఆ ఫ్యూజన్ రోజున హాలు మనిషిని అడిగాను. లైట్లు వేస్తే కెమెరాల్లో వేదిక సరిగా పడదన్నాడు. పడకపోతే పోనివ్వండి. వంత నిలబడ్డ చోటు నుంచి ఆఖరి వరసలో మనిషి మొహం కనబడాలి. నవ్వాడో, మూతి ముడిచాడో, ఏదో చెప్పబోయి ఆగాడో తెలియకపోతే వాడితో ఏం మాట్లాడను? అలాగే ముందు వరస సోఫాలు తీయించి చాపలు పరిపించండి. పెద్దమనుషులు కావాలంటే పక్కన కుర్చీల్లో కూర్చుంటారు. డక్కీ దగ్గరగా పిల్లలుండాలి, కథ మధ్యలో అడ్డదిడ్డం ప్రశ్నలు వేసేది వాళ్లే.